సంకెలకు ఎవరి కొలత?

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి రాజుగారి పేరు నన్నడక్కండి, ఎవరికీ గుర్తులేదు. కమ్మరి పేరు మాత్రం చంటిపిల్లలకు కూడా తెలుసు. లింగాచారి.

లింగాచారి సుత్తె పట్టేవాడు. ఆయన భార్య ఈరమ్మ కొలిమి తిత్తి ఊదేది, అవసరమైతే సమ్మెట కూడా ఎత్తేది. పొలం దున్నే కర్రు, కోత కోసే కొడవలి, కల్లు గీసే కత్తి, చెప్పులు కుట్టే ఆరె, అన్నీ ఆ కొలిమిలో పుట్టినవే. రాజుగారు ఒక పూట కనబడకపోతే ఎవరూ పట్టించుకునేవారు కాదు గానీ, లింగాచారి కొలిమి ఒక పూట చల్లారితే ఊరంతా వచ్చి వాకిట్లో నిలబడేది.

ఆ రాజుగారు కొత్త కోట కట్టిస్తున్నారు. రాళ్ళు కొట్టేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో పెళ్ళాం పిల్లలను వదిలి వచ్చారు. వాళ్ళ పెద్ద పేరు తిరుపాలు. పొద్దు వాలేసరికి మొద్దుబారిన ఉలులన్నీ మూటగట్టుకుని లింగాచారి దగ్గరికి వచ్చేవాడు. ఉలులు కాగేలోపు ఇద్దరూ లోకం మీది కబుర్లన్నీ చెప్పుకునేవారు.

ఇంతలో ఆకాశాన మబ్బు కనబడింది. రాళ్ళు కొట్టేవాళ్ళకు తమ చేలు గుర్తొచ్చాయి. తిరుపాలు కోటకు వెళ్ళి, "విత్తనం వేసుకుని వస్తాం ప్రభూ. పంట ఇంటికి చేరగానే మళ్ళీ వచ్చి గోడ పూర్తిచేస్తాం" అని మొరపెట్టుకున్నాడు.

పోయినవాళ్ళు తిరిగి రారని రాజుగారి భయం. ఆ భయానికి కోపం తోడైంది. గోడ పూర్తయ్యేదాకా ఒక్కడూ కదలడానికి వీల్లేదు, అందరి కాళ్ళకూ సంకెళ్ళు వేయండని ఆజ్ఞాపించారు.

సంకెళ్ళు ఎవరు చేయాలి? ఇంకెవరు, లింగాచారే చేయాలి.

ముందు దళపతి వచ్చాడు. గుర్రం కూడా దిగలేదు. "ఏయ్ కమ్మరీ, రాళ్ళు కొట్టేవాళ్ళందరికీ కాలి సంకెళ్ళు కావాలి. పని మొదలుపెట్టు" అన్నాడు.

ఈరమ్మ చేతిలో తిత్తి ఆగిపోయింది. లింగాచారి నెమ్మదిగా లేచి, చూరులోంచి ఒక ఈతాకు లాగాడు.

"అలాగే దొరా. కాలు ఇలా పెట్టండి, కొలత తీసుకుంటాను."

"నా కాలెందుకు?"

"మా కొలిమి పద్ధతి దొరా. కొడవలి కావాలని వచ్చినవాడి గుప్పిట కొలుస్తాం. గొడ్డలి కావాలని వచ్చినవాడి మూర కొలుస్తాం. ఏది ఎవరికి కావాలంటే వాళ్ళ కొలతే. మా తాతల నాటి నుంచీ ఇంతే. రాళ్ళు కొట్టేవాళ్ళు వచ్చి మాకు సంకెళ్ళు కావాలని అడగలేదు. మీరడిగారు."

దళపతి గుర్రం మీదే కాళ్ళు ముడుచుకున్నాడు. "నాక్కాదయ్యా, మంత్రిగారికి కావాలి" అనేసి గుర్రాన్ని తిప్పాడు. యుద్ధంలో ఎన్నడూ వెన్ను చూపని మనిషి, పాపం, ఈతాకుకు వెన్ను చూపాడు.

తర్వాత మంత్రిగారు పల్లకిలో వచ్చారు. ఆయన మాట బెల్లప్పాకం.

"నీ వంటి పనివాడు ఈ సీమలో లేడు లింగాచారీ. నీకు కోటలోనే కొలిమి పెట్టిస్తాం. ఈ ఒక్క పనీ కానిచ్చెయ్."

"మీ దయ స్వామీ. కాలు పెట్టండి."

మంత్రిగారు పట్టుపంచె కిందికి పాదాలు లాక్కున్నారు. "నాకేం అవసరమయ్యా? ప్రభువులకు కావాలి."

"అయితే ప్రభువుల కాలే కొలవాలి స్వామీ."

మంత్రిగారి నోట్లోని బెల్లమంతా కరిగిపోయింది. "రేపు సభకు రా. ఈ మాట అక్కడ అన్నావంటే నీ రెండు చేతులూ ఉండవు" అని చెప్పి వెళ్ళిపోయారు.

సంగతి విని తిరుపాలు పరుగెత్తుకొచ్చాడు. "ఆచారీ, మా కోసం చేతులు పోగొట్టుకోకు. ఆ సంకెళ్ళేవో చేసిచ్చెయ్. మా రాత ఎలా ఉంటే అలా అవుతుంది."

"భయంగానే ఉంది తిరుపాలూ, లేదని ఎందుకనాలి" అన్నాడు లింగాచారి. "కానీ మీ ఉలులకు పదును పెట్టిన చేతులతోనే మీ కాళ్ళకు సంకెళ్ళు చేశాక, ఆ చేతులతో అన్నం ఎలా తినను?"

ఈరమ్మ బొగ్గు మసి చెంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "పోయి రావయ్యా. నీ చేతులు పోతే నా చేతులు లేవూ? నేను సుత్తె పడతాను, నువ్వు కాలితో తిత్తి తొక్కు. ఇన్నాళ్ళూ నామీద పెత్తనం చేశావుగా, అప్పుడు నేను చేస్తాను" అంది. అన్నదే గానీ, గుమ్మం చాటుకు వెళ్ళి కళ్ళొత్తుకుంది.

మర్నాడు సభ నిండిపోయింది.

"నా కాలు కొలుస్తానన్నావట" అన్నారు రాజుగారు.

"సంకెళ్ళు మీకు కావాలంటేనే ప్రభూ."

ఇక్కడ రాజుగారిని కాస్త మెచ్చుకోవాలి. ఆయన దళపతిలాగా, మంత్రిలాగా తప్పించుకోలేదు. "అవును, నాకే కావాలి. పిడికెడు ఇనుముకు భయపడే రాజుననుకున్నావా?" అని సింహాసనం మీద నుంచే కాలు చాపారు.

లింగాచారి మోకాళ్ళ మీద కూర్చుని కొలత తీసుకున్నాడు. కొలిమికి వెళ్ళి సంకెల చేశాడు. మనసొప్పని పనైనా వేలెత్తి చూపడానికి వీల్లేకుండా చేశాడు. తెచ్చి, రాజుగారి రెండు కాళ్ళకూ తొడిగి, చీల కొట్టి బిగించాడు. ఆ సంకెలకు తాళం ఉండదు. కమ్మరి వేస్తే పడుతుంది, కమ్మరి నరికితే ఊడుతుంది.

"ఇంతేనా?" అని రాజుగారు నవ్వారు. ఆ నవ్వుతోనే, అందరికీ చూపిద్దామని కోట గోడ దగ్గరికి బయల్దేరారు. సభంతా వెంట నడిచింది, ఉలీ సుత్తే పట్టుకుని లింగాచారి కూడా.

గోడ దగ్గరికి చేరేసరికే నవ్వు పోయింది. చీలమండలు ఒరుసుకుపోయి నెత్తురు కారుతోంది. గోడ మీదికి ఎక్కుదామని మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయారు. గొలుసు వెనక్కి లాగింది. దళపతి భుజం పట్టుకుని మళ్ళీ ప్రయత్నించారు. కాలు లేవలేదు. పంతం కొద్దీ మూడోసారి ఎగిరారు. ఎగిరి, మోకాళ్ళ మీద పడ్డారు.

పైన ఉలుల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. రాజుగారు తలెత్తి చూశారు. పైన సగం గోడ, ఆ గోడ మీద రాళ్ళు మోస్తూ మనుషులు. ఈ ఇనుము కాళ్ళకు వేస్తే వీళ్ళలో ఒక్కడైనా పైకి ఎక్కగలడా అని ఆయనకు అప్పుడు తట్టింది.

"తీసెయ్" అన్నారు చిన్న గొంతుతో.

అందరూ లింగాచారి వైపు చూశారు. ఇప్పుడు ఏది అడిగితే అది ఇచ్చి తీరాలి రాజుగారు.

లింగాచారి ఒక్క మాటా అడగలేదు. ఉలి ఆనించి, సుత్తెతో కొట్టి, చీల నరికేశాడు. సంకెల తీసి పక్కన పెట్టాడు. తన తలపాగా చింపి రాజుగారి గాయాలకు కట్టు కట్టాడు.

రాజుగారు ఆశ్చర్యపోయారు. "సంకెల నా కాలికి ఉన్నప్పుడే ఏమడిగినా ఇచ్చేవాణ్ణే. ఎందుకడగలేదు?"

"కాలికి సంకెల వేసి అడిగితే మీకూ నాకూ తేడా ఏముంది ప్రభూ? ఇప్పుడు మీ కాళ్ళు మీవి. ఇప్పుడు అడుగుతున్నాను. వాళ్ళను వెళ్ళి విత్తనం వేసుకోనివ్వండి."

రాజుగారు కట్టు కట్టిన కాళ్ళ మీద లేచి నిలబడ్డారు. తర్వాత తిరుపాలును దగ్గరికి పిలిచారు.

"వెళితే తిరిగి వస్తారా?"

"వస్తాం ప్రభూ. సగం గోడ వదిలేసి పోతే అది మీకు కాదు, మా పనికి తలవంపులు."

ఆ సాయంత్రమే వాళ్ళు బయల్దేరారు. వానలు కురిశాయి, పంటలు పండాయి. కొత్త ధాన్యం ఇళ్ళకు చేరిన తర్వాత, రాళ్ళు కొట్టేవాళ్ళు ఒక్కడు తగ్గకుండా, పిలవకుండానే వచ్చి గోడ పూర్తిచేశారు.

పక్కవాడి కాలికి వేయబోయే సంకెలను ముందు తన కాలికి కొలుచుకున్నవాడికి న్యాయం తెలుస్తుంది. ఎదుటివాడు తన చేతికి చిక్కినప్పుడు కూడా సంకెలతో బేరమాడనివాడే అసలైన గొప్పవాడు.