కుదుపు లేని బండి

రాజులు ఏలిన రోజుల మాట. అప్పట్లో బండ్ల గురించి నాకు తెలిసిందల్లా, వాటిలోంచి అందమైన అమ్మాయిలు దిగుతారని. అందుకే రథశాల అధికారి వీరభోగయ్య ఓ మధ్యరకం సవారీ బండి చూపించగానే, నాకున్న ఒక్క మడిచెక్కా దానికి బదులుగా రాసిచ్చేయబోయాను.

"ఆరుగురు హాయిగా పడతారు. రాళ్లవాగులో తోలినా కుదుపుండదు, పూలపాన్పే!" అన్నాడాయన, పట్టుపంచె సవరించుకుంటూ.

నేను అప్పటికే ఊహల్లో ఆ పాన్పు మీద ఎవరితోనో ఏడు ఊళ్లు దాటేశాను.

మా ఊళ్లో ఏ బండి కొనాలన్నా ముందు చల్ల అమ్ముకునే నూకాలమ్మకు చూపించడం అలవాటు. రోజూ నిండు కుండలతో బండెక్కేది ఆమే కదా! వచ్చింది. చక్రాల వైపు కూడా చూడలేదు.

"ఎక్కి కూర్చోండి దొరా," అని, అంచుదాకా పుల్లటి చల్ల ఉన్న కుండను వీరభోగయ్య ఒళ్లో పెట్టింది. "అలా వాగు దాటి రండి. చుక్క ఒలక్కపోతే ఈ అబ్బాయి ఇప్పుడే మడి రాసిచ్చేస్తాడు."

బండివాడు పగ్గాలు అందుకున్నాడంతే.

"ఆగరా, ఆగు!" అని అరిచి, కుండ పట్టుకుని వీరభోగయ్య మెల్లగా దిగిపోయాడు.

"చూశావా నాయనా, అమ్మేవాడే దిగిపోయాడు. ఇంక నువ్వెక్కుతావా?" అంది నూకాలమ్మ.

సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పటికే నా కాలొకటి మెట్టు మీద ఉంది.