నల్లంచు తెంపిన తీగ

ఒకప్పుడు ఒక గుంపులో గుర్రాలన్నిటికీ పరుగు ఒక్కటే, నేల కూడా ఒక్కటే. ఆ నేల పచ్చిక. గుంపుకి పెద్ద ధూమ్రం అనే పొగరంగు మగగుర్రం. దానికి పచ్చికంటే ఇష్టం. దానికి ఇష్టం కాబట్టి అందరికీ ఇష్టమై తీరాలి. పెద్దరికం అంటే అదేననుకునేవాళ్ళు అప్పుడూ ఉన్నారు.

నిజం చెప్పాలి, పచ్చిక మీద ధూమ్రం పరుగు చూడముచ్చటగా ఉండేది. కాళ్ళు బారలు చాచి, గడ్డి కొసల్ని తాకీ తాకనట్టు పోయేది. మోకాలు పైకి లేచేదే కాదు.

"పరుగంటే ఇదీ. మోకాళ్ళు ఎత్తి దిగేస్తుంటే వడ్లు దంచినట్టుంటుంది," అనేది.

దాని తాతలదీ అదే మాట. అందుకని వాళ్ళనాడే ఒక ఆచారం పెట్టారు. పిల్ల పుట్టిన మూడోరోజున తురాయి అవ్వ అనే ముసలి ఆడగుర్రం అడవితీగ పళ్ళతో లాక్కొచ్చి, పిల్ల ముందుకాళ్ళ మోకాళ్ళకి బిగించి చుట్టేది. మోకాలు వంగదు. వంగకపోతే లేవదు. ఏడాది నిండాక తీగ విప్పేవాళ్ళు. అప్పటికి మోకాలు ఎత్తడం ఎలాగో పిల్ల మరిచిపోయేది.

ఆ గుంపులో నల్లంచు అనే ఆడగుర్రం ఉండేది. గోధుమరంగు ఒళ్ళు, చెవులకి నల్లటి అంచు. దాని అమ్మమ్మ ఏటి ఇసుకలో పుట్టిపెరిగి, తర్వాతెప్పుడో ఈ గుంపులో కలిసింది. నల్లంచు ప్రతి పరుగులోనూ కడపటిది.

"ఏమే నల్లంచూ, మేం మేసిన గడ్డి మళ్ళీ మొలిచాక వస్తున్నావే," అనేది ధూమ్రం. అందరూ సకిలించేవాళ్ళు.

నల్లంచు తలొంచుకునేది. తనకి చేతకాదనే అనుకుంది పాపం. పదిమందీ ఒకే మాట అంటుంటే నమ్మకుండా ఉండటం కష్టం.

నల్లంచుకి ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు మిణుకు. మూడోరోజు పొద్దున్నే అది మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఎత్తి గెంతుతుంటే, నల్లంచుకి కడుపు నిండిపోయింది. అంతలో తురాయి అవ్వ తీగతో వచ్చింది.

"అవ్వా, దీనికి చుట్టకపోతే ఏం?"

"నాకూ చుట్టారు, నీకూ చుట్టారు. చచ్చామా?"

"చావలేదు. కానీ ఎప్పుడూ నేను కడపట, నాకు ముందు నువ్వు. అంతేగా అవ్వా?"

తురాయి అవ్వ తీగ చుట్టి, అటు తిరిగి వెళ్ళిపోయింది.

ఆ వేసవికి పచ్చిక ఎండింది. చుట్టుపక్కల కుంటలన్నీ ఇంకిపోయాయి. నీళ్ళున్నది ఒక్కచోటే, ఏటి నడుమ ఇసుకలో ఒక మడుగు. గుంపంతా రోజూ ఆ ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ పోయి తాగి వచ్చేది.

ఒకరోజు అందరూ మడుగు దగ్గర ఉండగా, ఎగువ నుంచి ఏరు కేక పెట్టింది.

"కొండల్లో వాన దంచికొట్టింది. వచ్చేస్తున్నాను. తప్పుకోండి, నాకు ఆగడం చేతకాదు."

గుర్రాలు ఒడ్డుకేసి పరుగు తీశాయి. తీస్తే ఏం, ధూమ్రం చాచిన కాళ్ళు చాచినట్టే ఇసుకలో దిగబడ్డాయి. అందరిదీ అదే గతి. మిణుకు రెండడుగులు వేసి బోర్లాపడింది. లేచింది. మళ్ళీ పడింది.

"మోకాళ్ళు ఎత్తమను," అంది ఇసుక.

"తీగ ఉంది," అంది నల్లంచు.

"మీ అమ్మమ్మ కాళ్ళకి తీగ లేదు. నా మీదే పరిగెత్తేది. ఎత్తి, మడిచి, దిగేసి. నీ బిడ్డవీ అవే కాళ్ళు."

నల్లంచు తీగ మీద పళ్ళు పెట్టింది. అది చూసి, నడుము లోతు ఇసుకలో ఉన్న ధూమ్రం అరిచింది. "తీగ తెంపితే నీకు గుంపులో చోటుండదు."

"గుంపే మునిగిపోతుంటే చోటెక్కడిది పెద్దయ్యా," అని నల్లంచు తీగ పటుక్కున కొరికేసింది.

మిణుకు లేచింది. మోకాళ్ళు గడ్డందాకా ఎత్తి, ఇసుకని తన్నుకుంటూ దూసుకుపోయింది. దాన్ని చూసి నల్లంచు కూడా మోకాళ్ళు ఎత్తింది. ఎన్నేళ్ళుగానో మరిచిన పని, కాళ్ళకి గుర్తుంది. "అవ్వా, నువ్వూ ఎత్తు," అంది. తురాయి అవ్వ మూలుగుతూనే ఎత్తింది. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ ఎత్తబోతే, సగం మందికి మోకాళ్ళు లేచాయి. ఇసుక ఇంటివాళ్ళు గుంపులో అంతమంది ఉన్నారని ఆరోజే తెలిసింది. సగం మందీ ఒడ్డెక్కారు.

మిగతా సగం ఇసుకలోనే ఉంది. ఏటి హోరు దగ్గరవుతోంది.

"మనల్ని చూసి ఇన్నాళ్ళూ నవ్వినవాళ్ళేగా," అన్నారెవరో ఒడ్డు మీద.

"నవ్వినందుకు చావాలా? పదండి," అంది నల్లంచు. "ఇసుకా, నువ్వు కాస్త గట్టిపడవా?"

"ఊరికే గట్టిపడను. ఒకే దారిన తొక్కండి, అప్పుడు చూస్తాను."

ఇసుక ఇంటివాళ్ళు వరసకట్టి వెనక్కి పరిగెత్తారు. ఒకే దారిన పోయి, ఒకే దారిన వచ్చి, మోకాళ్ళు ఎత్తి ధబధబమని తొక్కారు. అచ్చం వడ్లు దంచినట్టే ఉంది. తడి ఇసుక అణిగి బాట అయింది.

"దంచండి, ఇంకాస్త దంచండి," అని రొప్పుతూ ధూమ్రం ఆ బాట మీదకి ఎక్కింది. బాట గట్టిది కాబట్టి పచ్చిక ఇంటివాళ్ళ బారకాళ్ళు మళ్ళీ పనిచేశాయి. అందరి తోకలూ ఒడ్డెక్కాక ఏరు వచ్చి బాటని తుడిచిపెట్టింది.

ధూమ్రం రొప్పు తగ్గాక లేచి, మిగిలిన పిల్లల దగ్గరికి పోయి, ఒక్కొక్క తీగనీ తన పళ్ళతోనే తెంపింది. తప్పయిందని నోటితో అనలేదు. పెద్దవాళ్ళకి ఆ మాట అంత తేలిగ్గా రాదు. పని చేసింది, అది చాలు.

అప్పుడు పచ్చిక, ఇసుక ఒక్కమాట మీదకి వచ్చాయి. "ఎవరి పిల్ల మా పిల్లో కడుపులో ఉండగానే గుర్తుపట్టి, కాళ్ళకి చెప్పి పంపుతాం. మీరు తీగలు కట్టకుండా ఉంటే చాలు."

మిణుకు పెద్దదై ధూమ్రం మనవడితో జతకట్టింది. వాళ్ళ పిల్లల్లో ఒకటి పచ్చిక మీద తేలిపోయేది, ఒకటి ఇసుకని దంచేది. కడగొట్టుది మాత్రం రెండిటి మీదా పరిగెత్తి అందరినీ ఏడిపించేది.

అదిగో, అప్పటినుంచే తల్లిదండ్రులు గెలిచిన నేల పిల్లల కాళ్ళలోకి దిగుతోంది. అందుకే ఇవాళ్టికీ పందెపు గుర్రాల సంగతి తెలిసినవాళ్ళు, కొత్త పిల్లని చూడగానే "దీని తల్లెవరు, అమ్మమ్మెవరు" అని అడుగుతారు. అడిగి అక్కడితో ఊరుకోరు. పచ్చిక మీదా ఇసుక మీదా దాన్ని వదిలి, ఎక్కడ చెవులు నిక్కించి ఉరుకుతుందో కళ్ళారా చూస్తారు.