అగుయ్ వేసిన వదులు ముడి

అనగనగా, ఆ కొండమెట్లు ఇంకా అరగని రోజుల్లో, చైనా దేశంలో దక్షిణాన ఒక కాలువల ఊరుండేది. వీధులుండాల్సిన చోట నీళ్లు, బండ్లుండాల్సిన చోట పడవలు. ఊరి వెనక కొండ. కొండ మీదుగా అవతలి లోయకు రాతిమెట్ల దారి.

మెట్ల మొదట్లో అగుయ్ అనే ఒంటరి ఆడమనిషి ఉండేది. వరిగడ్డితో చెప్పులు అల్లి గడకు వేలాడదీసేది. దారినపోయేవాళ్లు పాతవి విడిచి కొత్తవి తొడుక్కుని పోవచ్చు. ఊరికే. సగం దారిలో ఒక మంటపం. అక్కడ లియన్ అనే ఆమె వచ్చేపోయేవాళ్లకు టీ పోసేది. అదీ ఊరికే. అది ఆ కొండ ఆచారం. ఇద్దరికీ ఊరివాళ్లు ఏడాదికింత బియ్యం ఇచ్చేవాళ్లు.

కొండ దిగినవాళ్లందరిదీ ఒకటే మాట. "లియన్ టీ తాగాకే ప్రాణం లేచొచ్చింది."

చెప్పుల మాట ఎవరూ ఎత్తరు. అగుయ్‌కి కడుపు మండిపోయేది. మండదూ మరి? వేళ్లు కోసుకుపోయేలా అల్లేది తను, పేరేమో ఇంకొకరిది. నాకైనా మండుతుంది.

మొదటిసారి, ఎక్కేవాళ్లతో "ఆ టీ చేదు" అని చెప్పి చూసింది. వాళ్లు ఎక్కారు, తాగారు, దిగారు. "లియన్ టీ తాగాకే ప్రాణం లేచొచ్చింది."

రెండోసారి, తనే ఒక కుండ పెట్టి టీ కాచింది. ఎక్కకముందే ఎవరికి దాహం? టీ చల్లారిపోయింది.

మూడోసారి వానాకాలం. ముచ్చటైన జత ఒకటి అల్లింది. మడమ దగ్గర ముడి మాత్రం కావాలనే వదులుగా వేసింది. "లియన్‌కి నేనిచ్చానని చెప్పు" అని పైకి వెళ్లే కూలీ చేత పంపింది. తడిమెట్ల మీద ముడి ఊడాలి, ఆమె జారాలి. కాలు బెణికితే చాలు, పదిరోజులు ఆ టీ ఆగితే చాలు అనుకుంది. మెట్ల పక్కన లోయ ఎంత లోతో అగుయ్‌కి తెలియదా? తెలుసు.

మర్నాడు పొద్దున వాన. అగుయ్‌కి ఆ తడిమెట్లు, ఆ లోయ గుర్తొచ్చాయి. తింటున్న గిన్నె వదిలేసి మెట్లెక్కి పరుగెత్తింది. మంటపంలో లియన్ వట్టికాళ్లతో టీ కాస్తోంది.

"నేను పంపిన చెప్పులేవి?"

"అంత మంచివి నేనెలా తొడుక్కోను అక్కా? ఇప్పుడే ఒక ఉప్పు మోసే అతని చెప్పు తెగితే ఇచ్చేశాను. అవతలి వైపు దిగుతున్నాడు."

అగుయ్ మళ్లీ పరుగు. మొదటి మలుపులో లేడు. రెండో మలుపులో లేడు. మూడో మలుపులో, వాగు మీది రాతిపలక మీద కాలు పెట్టబోతున్నాడు. వెనకనుంచి అతని ఉప్పుబుట్ట పట్టుకుని ఆపింది. ముడి అప్పటికే సగం విడిపోయింది. తన కాళ్లవి విప్పి అతనికిచ్చి, ఆ జతను చేతబట్టుకుని మంటపానికొచ్చి లియన్ ముందు పెట్టింది.

"ఈ ముడి కావాలనే వదులుగా వేశాను. నీకోసమే."

లియన్ ఆ ముడిని లాగి చూసింది. తర్వాత టీ పోసింది.

"ఇక్కడ కూర్చున్నవాళ్లు ఏమంటారో తెలుసా అక్కా? అగుయ్ చెప్పులు లేకపోతే ఇంతదూరం రాలేకపోయేవాళ్లం అంటారు. నా టీ తాగుతూ! ఇరవై ఏళ్లుగా వింటున్నాను. మంచివని తొడుక్కోకపోవడం కాదు. నీ చెప్పు నా కాలికి తగలడం నాకిష్టం లేదు. నా కుళ్లే ఇవాళ నన్ను కాపాడింది."

అగుయ్ ఆ టీ తాగింది. అదే మొదటిసారి. చేదుగా లేదు.

ఆనాటి నుంచి అగుయ్ ప్రతి ముడినీ మూడుసార్లు లాగి చూసేది. లియన్ ఆమె చెప్పులే తొడుక్కునేది. ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారని చెబితే మాత్రం అబద్ధం. ఒకరిని పొగిడితే ఇంకొకరికి చివరిదాకా గుచ్చుకుంటూనే ఉంది.

అగుయ్ ముందు పోయింది. ఊరంతా పడవలెక్కి వచ్చింది. "చూశారా, ఇందులోనూ నాకంటే ముందే" అని లియన్ ఏడ్చింది. దాచి ఉంచిన ఆ వదులు ముడి జత తీసి, ముడి గట్టిగా బిగించి, మంటపం స్తంభానికి వేలాడదీసింది.

ఇప్పటికీ ఆ కొండ ఎక్కేవాళ్లు మంటపం దగ్గర ఆగి బూటు లేసులు మూడుసార్లు లాగి, "అగుయ్, ముడి చూసుకో" అంటారు. తర్వాత టీ తాగి, "లియన్ టీ తాగాకే ప్రాణం లేచొచ్చింది" అని గట్టిగా అంటారు. ఒకరి పేరు చెప్పి రెండో పేరు మరిచి ఎవరూ అక్కణ్ణుంచి కదలరు. వినేవాళ్లు ఇద్దరున్నారు మరి.