సుంకమ్మ చాట

దస్తగిరికి పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి సణగందే గడవదు. బావి నీళ్ళు ఉప్పన. చాప గరుకు. వాన రాకుంటే ఎండని తిట్టేవాడు, వస్తే బురదని తిట్టేవాడు. కొండకింది దర్గాలో నబీసాబు దగ్గర శిష్యుడిగా చేరి నాలుగు నెలలైంది. అతని నోట ఒక్క మంచి మాట విన్నవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం పంక్తిలో తింటుంటే పంటికింద రాయి పడింది. తుపుక్కున ఊసేశాడు.

"రోజూ ఇదే పీడ! తేరగా తినేవాళ్ళకు నాలుగు బియ్యం ఏరడానిక్కూడా బద్ధకమే!"

వంటింటి గుమ్మం పక్కన తలొంచుకుని బియ్యం ఏరుతున్న ముసలి సుంకమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమె ఎవరి దగ్గరా ఊరికే తినదు. దర్గాలో బియ్యం ఏరి, ఆ పనికే ఇంత అన్నం తీసుకునేది. ఆ పూట చాట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, తినకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. నబీసాబు అన్నం పంపితే, "పని చెయ్యందే నాకు ముద్ద దిగదని సామికి చెప్పండి" అని తిప్పి పంపింది.

మూడోనాడు ఆయన ఆ చాట తెచ్చి దస్తగిరి ముందు పెట్టాడు.

"ఈ పొద్దు నువ్వేరు."

"ఇదెంత పని సామీ! ఒక్క రాయి లేకుండా ఏరి చూపిస్తా. మొదట్నుంచీ నాకే ఇచ్చుంటే..."

నబీసాబు తన తలగుడ్డ విప్పి అతని కళ్ళకు గట్టిగా కట్టాడు.

"ఇదేంది సామీ? గంత కడితే రాళ్ళెట్ల కనబడతాయి?"

"సుంకమ్మ ఏరినట్టే ఏరు."

దస్తగిరి చెయ్యి బియ్యంలోనే నిలిచిపోయింది. నాలుగు నెలలు ఆమె ముందునుంచే తిరిగాడు. ఒక్కసారైనా ఆమె మొహంలోకి చూసిన పాపాన పోలేదు.

గుడ్డ విప్పమని అడగలేదు. తడుముకుంటూ ఏరాడు. వేలికి రాయీ నూకా ఒకటే.

ఆ బియ్యం వండి మొదట గురువుకే వడ్డించారు. పక్కన కూర్చున్న దస్తగిరికి కటుక్కుమని వినబడింది. నబీసాబు రాయి తీసి పళ్ళెం అంచున పెట్టి, మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు.

దస్తగిరి తినలేకపోయాడు. చాట చంకన పెట్టుకుని సుంకమ్మ గుడిసెకు పోయాడు. దారంతా మాటలు కూడబలుక్కున్నాడు. గడపలో నిలబడేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

"అవ్వా, చాట తెచ్చినాను. ఏరడం నాకు చేత కాలేదు."

"దస్తగిరివా నాయనా?" ఆమె గాలిలో తడుముతూ చాట అందుకుంది. "ఆ పొద్దు నీ పన్నుకేం కాలేదు కదా?"

ఆమెకు కనబడదని తెలిసీ దస్తగిరి తల ఎత్తలేకపోయాడు.