ఫైబరుకు బిగించిన బెల్టు

“ఒక అబద్ధం వల్ల ఒక మనిషికి కంటినిండా నిద్ర పడుతుంటే, దాన్ని కూడా అబద్ధమనే అనాలా గురువుగారూ?” అని అడిగాడు వీరభద్రం.

నృసింహ దీక్షితులుగారు విజయవాడలో ఒక సంస్కృత కళాశాలలో చాలాకాలం తర్కశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నారు. తర్కం చెప్పిన మనిషే గాని, శిష్యుల ప్రశ్నకు వాదంతో జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. అడిగినవాడు ఏ పని మీద ఉన్నాడో కనుక్కొని, చెప్పులు తొడుక్కొని అతని వెంట బయలుదేరేవారు. ఆ పూటా అదే చేశారు.

వీరభద్రానికి ఆటోనగర్‌లో షెడ్డుంది. పాతకాలపు విదేశీ పందెం కార్లకు నకళ్ళు తయారుచేయడం అతని పని. అడుగున ఇనుప చాసిస్, దాని మీద ఫైబరుతో పోసిన బాడీ, పైన కప్పుండదు. షెడ్డుకు వెళ్ళే దారిలోనే తన ప్రశ్న వెనకున్న సంగతి బయటపెట్టాడు. అతని బావ, అంటే అక్క భర్త మౌళీశ్వరాచారికి ఆ మధ్య ఛాతీలో నొప్పి వచ్చింది. మౌళీశ్వరాచారి తండ్రి ఆపరేషను బల్ల మీదే పోయాడు. అప్పటినుంచి ఆయనకు ఆసుపత్రి పేరెత్తితేనే చెమటలు పడతాయి. అందుకని పరీక్షల ఫలితం తెలుసుకోవడానికి వీరభద్రమే వెళ్ళాడు. గుండెకు పోయే రక్తనాళం పూడుకుపోయిందనీ, బరువులు ఎత్తకూడదనీ, ఆపరేషను ఆలస్యం చేయవద్దనీ డాక్టరు చెప్పింది. ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడ్డ బావ మొహం చూసేసరికి అతనికి నోరు రాలేదు. గ్యాస్ పట్టిందట, అంతే, అన్నాడు. అది మొదలు బావ హాయిగా తింటున్నాడు, నిద్రపోతున్నాడు, తన ఫర్నిచర్ దుకాణంలో ఎప్పటిలా టేకు దూలాలు ఎత్తుతున్నాడు. మెల్లగా అదను చూసి చెప్పవచ్చుననుకున్న వీరభద్రానికి ఆ అదను దొరకడం లేదు.

దీక్షితులుగారు వింటూ షెడ్డులోకి నడిచారు. షెడ్డులో ఎర్రటి కారు ఒకటి సిద్ధంగా ఉంది. గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన చేయించుకున్నది. బెల్టులు లేని బండి ఎక్కనని ఆయన భార్య పట్టుబట్టిందట. అందుకని సీట్లకు కొత్త బెల్టులు వేశారు. దీక్షితులుగారు ఒక పట్టీ పట్టుకొని, భుజం మీదుగా వచ్చే ఈ కొస దేనికి బిగించావని అడిగారు. సీటు వెనక బాడీకే బోల్టు వేశాననీ, పెద్ద వాషర్లు పెట్టాననీ వీరభద్రం చెప్పాడు. చాసిస్‌కు వేయాలంటే సీట్లూ వెనక భాగమూ అంతా విప్పాలి, బండి ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది.

“చూసేవాళ్ళకు ధైర్యంగా ఉంటుంది,” అన్నాడు.

దీక్షితులుగారు ఒకసారి తిప్పి తీసుకురమ్మని ఎక్కి కూర్చున్నారు, బెల్టు పెట్టుకున్నారు. పెద్దాయన ఉన్నారు కదా, నెమ్మదిగానే పోవాలని వీరభద్రం అనుకున్నాడు. కాని కృష్ణా కరకట్ట మీదికి వచ్చేసరికి రోడ్డు ఖాళీగా ఉంది, ఇంజను కొత్తది, పక్కన గురువుగారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, గాలికి కళ్ళు సగం మూసుకొని, నది వైపు చూస్తూ నిశ్చింతగా కూర్చున్నారు. ఆ నిశ్చింత అతనికీ అంటుకుంది. తెలియకుండానే వేగం పెరిగింది.

అరటితోటలోంచి గెలలు నింపుకున్న ఆటో ఒకటి ఉన్నట్టుండి కట్ట మీదికి ఎక్కింది. వీరభద్రం బ్రేకు మీద నిలబడ్డాడు. కారు ఆటోకు జానెడు దూరంలో ఆగింది గాని, దీక్షితులుగారు ఆగలేదు. వెనక ఫెళ్ళున చప్పుడైంది. ఆయన ముందుకు తూలి, నుదురు డాష్‌బోర్డుకు కొట్టుకుంది.

వీరభద్రం ఆయన్ను లేవనెత్తాడు. కనుబొమ మీద చిట్లి రక్తం కారుతోంది, కళ్ళజోడు పగిలింది. భుజం మీది పట్టీ కొసకు అరచేయంత ఫైబరు ముక్క వేలాడుతోంది. బోల్టు, వాషరు దానిలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆటో అబ్బాయి తెచ్చిచ్చిన నీళ్ళతో గాయం కడుగుతున్నంతసేపూ వీరభద్రం ఆయన కళ్ళలోకి చూడలేకపోయాడు.

“బెల్టన్నదే లేకపోతే,” అన్నారు దీక్షితులుగారు మెల్లగా, “ఎదురుగా ఉన్న కడ్డీ పట్టుకొని కూర్చునేవాణ్ణి.”

ఆయన నుదుటికి కుట్లు వేయించి, ఇంటి దగ్గర దించి, వీరభద్రం తిన్నగా బావ దుకాణానికి వెళ్ళాడు. మౌళీశ్వరాచారి ఇంకో మనిషితో కలిసి బీరువాను వ్యానులోకి ఎక్కించబోతున్నాడు. దాన్ని దింపించి, పక్కకు పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బావ స్టూలు లాక్కొని కూర్చున్నాడు. తిట్టలేదు. నీకెప్పటినుంచి తెలుసని మాత్రం అడిగాడు. దుకాణం వెనకే ఇల్లు. ఆ జవాబు లోపలినుంచి విన్న అక్క, వీరభద్రం వెళ్ళేదాకా బయటికి రాలేదు.

ఆపరేషను జరిగింది. మౌళీశ్వరాచారి కోలుకున్నాడు.

వీరభద్రం ఆ కారు సీట్లు విప్పాడు. మందమైన ఉక్కు గొట్టాన్ని వంచి, సీట్ల వెనక భుజాల ఎత్తున నిలబెట్టి, దాని కాళ్ళు చాసిస్‌కు వెల్డింగ్ చేసి, భుజం పట్టీలు దానికి కట్టాడు. నడుము పట్టీలు కూడా ఇనుముకే బిగించాడు. బండి ఆలస్యమైందని మిర్చి వ్యాపారి విసుక్కున్నాడు. దాన్ని అప్పగించే ముందు ఒకసారి గురువుగారికి చూపించాలనిపించి తీసుకువెళ్ళాడు.

ఆయన ఎక్కుతుండగా తన బాధ చెప్పుకున్నాడు. బావ తనతో మాట్లాడుతున్నాడు గాని, మునుపటిలా కాదు. ఈ మాత్ర భోజనం తర్వాత వేసుకోవాలని తను చెబితే తలాడిస్తాడు, మళ్ళీ డాక్టరుకు ఫోను చేసి అడుగుతాడు. ఉన్న నిజమంతా చెప్పేశాక కూడా ఈ అనుమానమేమిటి?

దీక్షితులుగారు బెల్టు పెట్టుకున్నారు. తర్వాత సగం వెనక్కి తిరిగి, భుజం మీది పట్టీని రెండు చేతులా పట్టుకొని గట్టిగా లాగారు. మళ్ళీ లాగారు. వీరభద్రం మొహం చిన్నబోయింది.

“ఈసారి ఇనుముకే బిగించాను గురువుగారూ.”

“తెలుసు నాయనా,” అన్నారాయన, పట్టీని మళ్ళీ చేతికి చుట్టుకుంటూ. “అయినా లాగి చూడనీ.”