తోడు వేయని పెరుగు

ఆ రోజు ఫణీంద్ర కాళ్లు నేలమీద ఆనడం లేదు. చేతిలో కనకరత్నమ్మ స్కాను ఉంది. ఆమె రొమ్ములో నిమ్మకాయంత ఉన్న కేన్సర్ గడ్డ, అతను పెట్టిన మందుకి పూర్తిగా కరిగిపోయింది.

కనకరత్నమ్మ నాటకాల్లో సత్యభామ వేస్తుంది. మందుకి జుట్టంతా రాలిపోయినా ఆమెకి లెక్కలేదు. "గుండుకే జడ కట్టుకుని స్టేజీ ఎక్కుతాను, నన్ను పంపెయ్ డాక్టరుబాబూ" అని రోజూ ఒకటే పోరు. ఇవాళ పంపించేస్తానని ఫణీంద్ర పొద్దున్నే మాటిచ్చేశాడు. ఇక తన గురువు, పెద్ద డాక్టరు దమయంతిగారి సంతకమే తరువాయి.

ఆవిడ స్కాను చూసి చాలా సంతోషించింది. సంతకం మాత్రం పెట్టలేదు.

"పెరిగే కణాలను నీ మందు చంపింది నాన్నా. కేన్సర్ మూలకణాలు ఇంకా ఉండి ఉంటాయి. అవి పెరగకుండా నిద్రపోతుంటాయి, అందుకే ఈ మందుకి లొంగవు. లేచాయంటే మళ్లీ గడ్డే. వాటికి పనిచేసే మందు వేరే ఉంది, అది పెట్టాక పంపుదాం."

"స్కానులో లేనివి ఇంకెక్కడుంటాయి మేడమ్? నాకు చూపించండి."

"ముందు అన్నం తిందాం రా" అందావిడ.

దమయంతిగారి గదిలో ఒక మట్టి ముంత ఉంది. పెరుగు అందులోనే తోడుపెడతారు. మధ్యాహ్నం డాక్టర్లందరూ కలిసే తింటారు. ఆఖరి గరిటె ఎవరు వేసుకుంటే వాళ్లే ముంత కడగాలి. ఈ చట్టానికి ఎంతటివాడైనా తలవంచాల్సిందే. ఆ రోజు ఆఖరి గరిటె ఫణీంద్ర వంతైంది.

"శుభ్రంగా కడుగు. చుక్క పెరుగు మిగలకూడదు" అంది ఆవిడ.

పుట్టి బుద్ధెరిగాక ఫణీంద్ర మట్టిపాత్ర కడిగిన పాపాన పోలేదు. సబ్బు దట్టించి, పీచు అరిగేదాకా రుద్ది, వేణ్నీళ్లతో తొలిచి తెచ్చాడు. ముంత కొత్తదానిలా ఉంది. ఆవిడ లోపల వేలు పెట్టి చూసి మెచ్చుకుంది. క్యాంటీన్ నుంచి గోరువెచ్చని పాలు తెప్పించి, అందులో పోసి మూత పెట్టింది.

"తోడు వెయ్యలేదు మేడమ్" అని గుర్తుచేశాడు.

"రేపు చూద్దాంలే."

మర్నాడు భోజనాల దగ్గర మూత తీస్తే పెరుగు గడ్డకట్టి ఉంది, పైన పల్చగా మీగడతో సహా.

ఫణీంద్ర ముంత ఎత్తి, పాత పెరుగు ఇంకి దాక్కున్న దాని మట్టి గోడలు చేత్తో తడిమి చూశాడు. తను నిన్న పొద్దున్నే ఇచ్చి వచ్చిన మాట తలుచుకుంటే అతనికి భయం వేసింది. పంపేసి ఉంటే ఏమయ్యేదో.

అయినా ఉడుకురక్తం కదా. "సరే మేడమ్, ఉన్నాయి. నా మందే రెండింతలు చేసి పెట్టేద్దాం. ఏ మూల దాక్కున్నా చావాల్సిందే" అన్నాడు.

ఆవిడ అతని అన్నంలో రెండు గరిటెలు పెరుగు వేసింది.

మొదటి ముద్దకే అతని మొహం మారిపోయింది. మట్టి సబ్బంతా పీల్చుకుని, మొత్తం పెరుగులోకి వదిలింది. చుట్టూ కూర్చున్నవాళ్లు తమ కంచాలు మెల్లగా వెనక్కి లాక్కుని నవ్వడం మొదలుపెట్టారు.

"ఇవాళ ఇంకా గట్టిగా తోముతావా?" అని అడిగింది దమయంతిగారు.

ఫణీంద్ర మింగలేక మింగాడు.

"వద్దు మేడమ్. ఇక్కడ ముంతంటే కనకరత్నమ్మ ఒళ్లు."