అయిదు అచ్చిరాదన్న నక్క

కోతలైపోయిన వరిచేలో రాలిన గింజలు ఏరుకోవడానికి ఇరవై అయిదు బాతులు వచ్చాయి. గట్టు మీద నక్క కూర్చుని ఉంది. ఈ చేను తన కాపలాలో ఉందని, ఎవరూ ఇవ్వని పెత్తనం తనకు తానే ఇచ్చుకుని చెప్పింది. మేతకు దిగాలంటే సమానమైన వరుసల్లో నిలబడాలట. వరుసలో చోటు దొరకనిది మందకు అరిష్టమట. దాన్ని తనకు వదిలేసి పోవాలట.

బాతులకు పెద్ద బొద్దయ్య, లావుపాటి మగబాతు. ఎప్పుడూ మంద ముందు నడుస్తాడు. అందరికంటే వెనక, ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చేది చుక్కమ్మ.

నక్క ఇద్దరేసి నిలబడమంది. పన్నెండు జతలు కుదిరాయి, చుక్కమ్మ మిగిలింది. ఒక్కసారికే తేల్చేస్తే అన్యాయమంటారని ముగ్గురేసి నిలబెట్టింది. ఎనిమిది వరుసలయ్యాయి, మళ్లీ చుక్కమ్మే మిగిలింది. నలుగురేసి, ఆ తర్వాత ఆరుగురేసి కూడా నిలబెట్టింది. ప్రతిసారీ చుక్కమ్మే బయట.

"చూశారుగా, నాలుగు రకాలుగా చూశాను. లోపం ఈ బాతులోనే ఉంది," అంది నక్క.

ఆ పాపిష్టిది పొద్దున్నే తుప్పల్లో కూర్చుని తలలు లెక్కపెట్టుకుంది. ఇరవై అయిదుని ఎలా నిలబెడితే ఒకటి మిగులుతుందో, ఎలా నిలబెడితే మిగలదో దానికి బాగా తెలుసు. అయినా నాకు నక్క మీదకన్నా మిగతా ఇరవై నాలుగు బాతుల మీదే ఎక్కువ మంట. నిన్నటిదాకా చుక్కమ్మ రెక్కల కింద తమ పిల్లల్ని పడుకోబెట్టుకున్నవే, ఇప్పుడు తలలు దించుకుని కాళ్లు చూసుకుంటున్నాయి.

చుక్కమ్మకు ఒళ్లు మండిపోయింది. "అయిదుగురేసి నిలబెట్టి చూడు నక్కబావా," అంది.

నక్క తడబడి, అయిదు అచ్చిరాని అంకె అంది. ఎందుకు అచ్చిరాదని ఒక్క బాతూ అడగలేదు. పైగా బొద్దయ్య విసుక్కున్నాడు. "నీ ఒక్కదాని కోసం ఎన్నిసార్లు నిలబడాలే? అవతల గింజలన్నీ పిట్టలపాలవుతున్నాయి."

చుక్కమ్మ అతని వంక ఒకసారి చూసి నక్క వైపు తిరిగింది. "లోపం నాలోనే ఉంటే నేనెక్కడ నిలబడ్డా మిగలాలి కదా. ఈసారి నేను ముందు నిలబడతాను, మా పెద్దాయన చివర నిలబడతాడు."

నక్క బొద్దయ్య తొడల వంక చూసింది. నోట్లో నీళ్లూరాయి. ఆ ఆశలో ఇంకేమీ ఆలోచించకుండా సరేనని, ఇద్దరేసి నిలబడమంది. లోపం చుక్కమ్మదేనన్న ధీమాతో బొద్దయ్య చివరికి వెళ్లాడు. పన్నెండు జతలు కుదిరాయి. బొద్దయ్య మిగిలాడు.

"అయిదుగురేసి," అన్నాడు బొద్దయ్య కీచుగొంతుతో. "అయిదుగురేసి నిలబడండర్రా."

ఎంత చురుగ్గా నిలబడ్డాయో చూడాలి. అచ్చిరాదు, అచ్చిరాదని నక్క మొత్తుకున్నా ఎవరూ వినలేదు. వరుసకు అయిదు చొప్పున అయిదు వరుసలు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఏ వరుసలోనూ చోటు లేకుండా గట్టు మీద మిగిలింది నక్క ఒక్కటే.

"చోటు దొరకనిదే అరిష్టమన్నావు కదా బావా," అంది చుక్కమ్మ. ఇరవై అయిదు ముక్కులూ ఒక్కసారిగా మీద పడ్డాయి. నక్క తోక బొచ్చు సగం చేలోనే వదిలేసి కాలవ దాటి పారిపోయింది.

నీవల్లే బతికామని బొద్దయ్య దగ్గరకు వచ్చాడు. "నేను చెప్పినప్పుడూ అది అయిదే," అంది చుక్కమ్మ. "నీ మెడ మీదికొచ్చాక గానీ నీకు లెక్క రాలేదు." ఆ సాయంత్రం మంద ముందు ఆమే నడిచింది. కాలు ఈడ్చుకుంటూ ఆమె ఎంత నెమ్మదిగా వెళితే, వెనక అందరూ అంత నెమ్మదిగానే నడిచారు.

ఒకరు మిగిలిపోతే తప్పు వాళ్లదేనని తేల్చేముందు, వరుసలు కట్టించినవాడి లెక్క చూడాలి.